తల ఒకరిది... ఒళ్లు ఒకరిది!

బొమ్మ తల ఊడితే పాప ఏడుస్తుంది. అమ్మ మళ్లీ తగిలిస్తుంది. కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ తలని ఇంకో బొమ్మకి పెడితే? దేశదేశాల్లో పెద్దవాళ్లు సైతం ముచ్చటపడి చేస్తున్న పని ఇది. అందులో ఆట ఎంత ఉందో ఆలోచన కూడా అంతే ఉంది.

ఆడపిల్లలు పెరిగిన ఇంట్లో అటక మీది అట్టపెట్టె దింపితే కనీసం ఒక్కటైనా కనిపిస్తుంది, తల లేని బార్బీ. ఆ పక్కనే ఏ మూలో జుట్టు చిక్కులు పడిన తల ఒకటి. దానికి కాళ్లూ చేతులూ లేవు. ‘పారేద్దామా?’ అంటుంది అమ్మ. ‘వద్దు వద్దు’ అంటుంది, కాలేజీకి వెళ్లే వయసు వచ్చినా సరే, కూతురు. పెట్టె మళ్లీ అటకెక్కుతుంది.

హైదరాబాద్‌లో ఏఎస్ రావు నగర్‌ వాళ్లయితే ఆ పెట్టెని పారేసేముందు ఇంకాస్త ఆలోచించాలి. ఆ కాలనీ పుట్టిందే విడిభాగాల విద్య తెలిసినవాళ్ల వల్ల మరి! 1967లో ఈసీఐఎల్‌ను నెలకొల్పిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు పేరే దానికి పెట్టారు. ఈసీ టీవీలు ఇంటింటా వెలిగిన రోజుల్లో తెర మీద బొమ్మ ఆగిపోతే ఎవరూ పెట్టెని పారేయలేదు. వెనక మూత తీసి, పోయిన భాగం ఏదో చూసి, అదొక్కటే మార్చారు. టీవీలో బొమ్మకి పనికొచ్చిన సూత్రం చేతిలో బొమ్మకి పనికిరాదా?

భేషుగ్గా పనికొస్తుంది అంటారు బొమ్మల సరదా ఉన్నవాళ్లు. ఒక బొమ్మ ముఖం నచ్చుతుంది, ఒళ్లు కర్రలా బిగుసుకుని ఉంటుంది. ఇంకోదాని కాళ్లూ చేతులూ చక్కగా వంగుతాయి, ముఖం నచ్చదు. దీని తల తీసి దానికి పెట్టేస్తే సరి. ఆ తర్వాత పాత రంగు తుడిచి కొత్త కళ్లు దిద్దేవాళ్లు, జుట్టంతా పీకి సూదితో కొత్త జుట్టు కుట్టేవాళ్లు కూడా ఉన్నారు. అలా చివరికి తయారయ్యే బొమ్మ ఏ దుకాణంలోనూ దొరకదు.

బేతాళుడు అడిగిన ప్రశ్న

తలలు మార్చడం మనకి కొత్తేం కాదు. ఏటా వినాయక చవితికి చెప్పుకునేది ఆ కథే. బేతాళ కథల్లో మరొకటుంది. అమ్మవారి గుడిలో భర్త, అన్న ఇద్దరూ తలలు నరుక్కుని పడి ఉంటారు. దేవి కరుణించి, తలలు మొండేలకి ఆనించమంటుంది. ఆ ఇల్లాలు కంగారులో ఒకరి తల ఇంకొకరికి పెట్టేస్తుంది. ఇద్దరూ లేచి కూర్చుంటారు. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? అవయవాలన్నిటికీ తలే ప్రధానం కాబట్టి భర్త తల ఉన్నవాడే భర్త అని తేల్చేస్తాడు విక్రమార్కుడు. ఈ కథే జర్మన్ రచయిత థామస్ మన్ చేతిలో 1940లో నవలికైంది. గిరీశ్ కర్నాడ్ ‘హయవదన’ నాటకానికీ ఇదే మూలం.

బొమ్మలు సేకరించేవాళ్లు విక్రమార్కుడి పక్షమే. ఒళ్లు ఎన్నిసార్లు మారినా, తల ఎవరిదైతే బొమ్మ పేరు అదే. తల పాతదీ ఒళ్లు కొత్తదీ అయితే, పాత బొమ్మకి కొత్త ఒళ్లు వచ్చిందనే అంటారు.

విడిగా చేసి అతకడం మన బొమ్మలవాళ్లకీ తెలుసు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో తల, చేతులు వేరువేరుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నం పూసి, రంగులు వేస్తారు. తేడా ఒక్కటే. కొండపల్లి బొమ్మకి అతుకు కనిపించకూడదు. బార్బీ మెడ దగ్గరి అతుకు మాత్రం ‘నన్ను విప్పొచ్చు’ అని పిలుస్తున్నట్టే ఉంటుంది.

చీర కట్టినా అదే ముఖం!

బార్బీ తొలిసారి లోకానికి కనిపించింది 1959 మార్చి 9న, న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో. అమెరికాలో మ్యాటెల్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన రూత్ హ్యాండ్లర్ తన కూతురు బార్బరా పేరే దానికి పెట్టింది. పొడవు పదకొండున్నర అంగుళాలు. 1980ల్లో మన దేశానికీ వచ్చింది. చీర కట్టింది, బొట్టు పెట్టింది, గాజులు తొడుక్కుంది. మన ఇళ్లలో కొలువు మెట్లెక్కి పెళ్లికూతురిగానూ నిలబడింది. కానీ చీర చుట్టినా, జడ వేసినా ఆ తెల్లటి ముఖం, ఆ ముక్కు, ఆ నవ్వు చాలాకాలం అమెరికావే. మనవాళ్లు బట్టలు మార్చారు, తల మాత్రం మారలేదు.

అమెరికాలో నల్లజాతి పిల్లలదీ ఇదే గోడు. 1967లో మ్యాటెల్ తొలిసారి తెచ్చిన నల్లని ఫ్రాన్సీ బొమ్మ, తెల్ల ఫ్రాన్సీ అచ్చులోనే పోసింది. రంగు మారింది, ముఖం మారలేదు. బార్బీ పేరుతోనే నల్లజాతి బొమ్మ రావడానికి 1980 దాకా ఆగాల్సి వచ్చింది. బొమ్మ రంగు అంత పెద్ద విషయమా అనిపించవచ్చు. 1940ల్లో అక్కడ కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తల జంట నల్లజాతి పిల్లల ముందు ఒకేలాంటి బొమ్మలు పెట్టారు. తేడా రంగులోనే. ‘మంచి బొమ్మ ఏది?’ అంటే ఎక్కువమంది పిల్లలు తెల్లబొమ్మనే చూపించారు. బడుల్లో వర్ణవివక్ష చెల్లదంటూ 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో క్లార్క్ అధ్యయనం ప్రస్తావన కూడా ఉంది.

మనకేం సంబంధం అంటారా? ఏ ఆదివారం పేపర్లోనైనా పెళ్లి ప్రకటనల పేజీ తిప్పి చూడండి. ‘తెల్లని’ అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. చామనచాయ పిల్ల చేతికి ఎప్పుడూ తెల్లబొమ్మే ఇచ్చి, ‘ఎంత అందంగా ఉందో’ అన్నామంటే ఆ మాటలో ఇంకో మాట కూడా వినిపిస్తుంది. చామనచాయ తలకి అదే చాయ ఒళ్లు వెతికి జోడించడం పెద్దవాళ్లకి కాలక్షేపం కావచ్చు. ఆ పిల్లకి మాత్రం కాదు.

ఒంటికీ వచ్చింది వంతు

తల సంగతి సరే, ఒంటి మాటేమిటి? బార్బీ నడుము ఏ ఆడపిల్లకీ ఉండనంత సన్నమని దశాబ్దాల పాటు విమర్శలు. చివరికి 2016లో మ్యాటెల్ పొడుగు, పొట్టి, బొద్దు అంటూ మూడు కొత్త దేహాలు తెచ్చింది. 7 రకాల ఒంటి రంగులూ వచ్చాయి. 2015లో వచ్చిన ‘మేడ్ టు మూవ్’ బార్బీకైతే 22 కీళ్లు. యోగా దుస్తుల్లో వచ్చిందది. మోకాళ్లు, మోచేతులు, మణికట్లు అన్నీ వంగుతాయి. తలలు మార్చేవాళ్లకి అదో వరం. చాలామంది ఆ బొమ్మని కొనేది ఒళ్లు కోసమే. అటక మీది చీర బార్బీ తలని దానికి పెడితే, ఇన్నాళ్లూ నిటారుగా నిలబడ్డ పెళ్లికూతురు చక్కగా పీట మీద కూర్చుంటుంది. కూచిపూడి ముద్రకి చెయ్యెత్తమన్నా ఎత్తుతుంది.

బొమ్మని మార్చుకోవడం కొందరు తల్లిదండ్రులకి సరదా కాదు, అవసరం. 2015లో బ్రిటన్‌లో ‘టాయ్ లైక్ మీ’ పేరుతో ఒక ఉద్యమం మొదలైంది. వినికిడి యంత్రం పెట్టుకునే పిల్లకి, చక్రాల కుర్చీలో తిరిగే పిల్లాడికి తమలాంటి బొమ్మే దుకాణంలో లేదు. దాంతో మామూలు బొమ్మలకే వాటిని తయారుచేసి తగిలించారు. ఆ తర్వాత కంపెనీలూ కదిలాయి. 2019లో చక్రాల కుర్చీ బార్బీ, తీసి పెట్టుకునే కృత్రిమ కాలున్న బార్బీ వచ్చాయి. 2022లో వినికిడి యంత్రంతో, 2023లో డౌన్ సిండ్రోమ్ ఉన్న పాప రూపంలో వచ్చాయి.

గొంతు మారింది... మేకప్ పోయింది

తలలు, ఒళ్లే కాదు, గొంతులూ మార్చినవాళ్లున్నారు. 1992లో వచ్చిన మాట్లాడే బార్బీ చెప్పే మాటల్లో లెక్కల క్లాసు కష్టమన్నది ఒకటి. ఆడపిల్లలకి ఇదా నేర్పేది అంటూ గొడవ జరిగి, కంపెనీ ఆ మాట తీసేసింది. మరుసటి ఏడాది అమెరికాలో ‘బార్బీ విమోచన సంస్థ’ అని పేరు పెట్టుకున్న కొందరు కళాకారులు ఇంకో చిలిపి పని చేశారు. వందలకొద్దీ బార్బీల గొంతుపెట్టెలు తీసి జీఐ జో సైనికుల బొమ్మలకి, వాటివి బార్బీలకి అమర్చి, మళ్లీ దుకాణాల్లో పెట్టేశారు. క్రిస్మస్‌కి కానుక విప్పిన పిల్లలకి సైనికుడు పెళ్లి కలలు చెబుతుంటే, బార్బీ పగ తీర్చుకుంటానని గర్జించింది!

అంత గొడవ లేకుండా పని కానిచ్చింది ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకి చెందిన సోనియా సింగ్. ఉద్యోగం పోయాక ఆమె పాత సామాన్ల దుకాణాల నుంచి వాడేసిన బ్రాట్జ్ బొమ్మలు తెచ్చింది. దట్టమైన మేకప్ తుడిచేసి, మామూలు చిన్నపిల్లల కళ్లు, పెదాలు గీసింది. వాళ్లమ్మ స్వెటర్లు అల్లింది. ఎత్తు చెప్పుల బదులు మట్టిలో ఆడుకునే బూట్లు వచ్చాయి. 2015 మొదట్లో ఆ బొమ్మల గురించి ప్రపంచమంతా చెప్పుకుంది.

మార్చే ముందు...

* తల మెత్తని వినైల్, ఒళ్లు గట్టి ప్లాస్టిక్. మెడ చివర గుండీలాంటి బొడిపె ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు లాగితే అది విరిగి తలలోనే ఉండిపోతుంది. తలని కాసేపు వేడినీళ్లలో ముంచి మెత్తబడ్డాక మెల్లగా తిప్పుతూ తీయాలి. పెట్టేటప్పుడూ అంతే. వేడినీళ్ల పని పెద్దవాళ్లదే.
* రంగు పగటి వెలుగులో పోల్చండి. ట్యూబులైటు కింద ఒకటే అనిపించిన రెండు రంగులు ఎండలో వేరైపోతాయి. మెడ లావు, తల సైజు కూడా కుదరాలి.
* ముఖం రంగు పోవడానికి అసిటోన్ ఉన్న గోళ్లరంగు రిమూవర్‌ని దూదితో అద్దుతారు. అది గట్టి ప్లాస్టిక్ ఒంటి మీద పడితే ప్లాస్టిక్ కరుగుతుంది. కిటికీలు తెరిచి పెట్టాలి.
* నడుము మీద 1966 అని ఉంది కదా అని మురిసిపోకండి. అది అచ్చు హక్కు తీసుకున్న ఏడాది. బొమ్మ ఆ తర్వాత ఎన్నేళ్లకి తయారైందో అది చెప్పదు.
* బ్రాట్జ్ చెప్పులు రావట్లేదని కంగారు పడొద్దు. వాటికి చెప్పులతో పాటు పాదాలూ ఊడొస్తాయి!

ఈసారి సంక్రాంతికో దసరాకో కొలువు పెట్టేటప్పుడు ఆ అట్టపెట్టె దింపండి. తల లేనిదానికి తల, ఒళ్లు లేనిదానికి ఒళ్లు వెతికి జత చేయండి. పై మెట్టు మీద దేవుళ్లు ఎలాగూ ఉంటారు. కింది మెట్టు మీద మాత్రం మన పాప రంగులో, మన పాప జడతో, కాస్త వంకర నవ్వుతో ఒక బొమ్మ కూర్చోవాలి. పేరంటానికి వచ్చినవాళ్లు ‘ఇది ఎక్కడ కొన్నారండీ?’ అని అడగక మానరు. జవాబు మాత్రం పాపనే చెప్పనివ్వండి.