వేసవి సెలవులు – పిల్లల మనస్సు – పెద్దల కర్తవ్యం

వేసవి సమీపించగానే నా వైద్యశాలకు వచ్చే గృహిణులు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. వడదెబ్బ తగలకుండా ఏమి తాగాలి? ఒంటి వేడి తగ్గడానికి ఏమి తినాలి? ఇవి అడగవలసిన ప్రశ్నలే. అయితే కొన్ని సంవత్సరాలుగా మూడవ ప్రశ్న ఒకటి వినిపిస్తున్నది. పిల్లవాడిని బయట బల్లమీద కూర్చోబెట్టి, తల్లి ఒక్కతే లోపలికి వచ్చి, గొంతు తగ్గించి అడుగుతుంది: "మావాడు ఎవరితోనూ మాట్లాడటం లేదండీ. రాత్రిళ్ళు నిద్రపోడు. ఏదైనా లేహ్యం ఇస్తారా?"

ఈ వ్యాసం ఆ మూడవ ప్రశ్నకు సమాధానం.

గ్రీష్మమూ, ఫలితాలూ

మన విజయవాడలో ఎండలు ముదిరే కాలమూ, ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే కాలమూ ఇంచుమించు ఒక్కటే. వసతి కళాశాలల నాలుగు గోడల మధ్య రెండేళ్ళు గడిపిన పిల్లలు ఇంటికి చేరేది కూడా అప్పుడే. గ్రీష్మం ఆదానకాలంలో చివరిది. సూర్యుడు ప్రాణుల బలాన్ని హరించే ఋతువు. దేహబలం, ఆకలి, నిద్ర మూడూ సన్నగిల్లి ఉన్న సమయంలో మార్కుల పట్టిక వచ్చి ఆ పసి మనస్సుమీద పడుతుంది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాల అనంతరం కొద్దిరోజులలోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలోనూ ఫలితాల వెంటనే పలువురు పిల్లలను పోగొట్టుకున్నాము. అయితే కారణం ఆ ఒక్క కాగితమే అనుకోవడం పొరపాటు. దానికి ముందు నెలల తరబడి నిద్రలేమి, ఒంటరితనం, భయం లోలోపల పేరుకొని ఉంటాయి. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 సంవత్సరాల వయస్సువారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలింది. కనుక ఇది పొరుగింటి సంగతి అని ఊరుకోదగినది కాదు.

నాకు పాఠం చెప్పిన నాయనమ్మ

కొన్నేళ్ళ క్రితం సత్యనారాయణపురం నుండి ఒక దంపతులు తమ పదిహేడేళ్ళ కుమారుని తీసుకొని వచ్చారు. పరీక్ష తప్పాడు. నిద్ర లేదు, అన్నం సహించదు. నేను నాడి చూశాను, నాలుక చూశాను. ఆకలి, నిద్ర, విరేచనం సంగతి అడిగాను. పిత్తం ప్రకోపించిందని చెప్పి, బ్రాహ్మీఘృతం ఇచ్చి, పదిహేను రోజుల తరువాత రమ్మన్నాను. తల్లిదండ్రులు తృప్తిగా వెళ్ళారు.

నాలుగవనాటి ఉదయం నేను తలుపు తీయకముందే ఆ అబ్బాయి నాయనమ్మ మెట్లమీద కూర్చొని ఉన్నది. "శాస్త్రిగారూ, రాత్రి వాడి అరికాళ్ళకు నూనె రాస్తున్నానండీ. ఉన్నట్టుండి, నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు కదా నాయనమ్మా అన్నాడు. తెల్లవార్లూ వాడి పక్కనే కూర్చున్నాను. ఇది నెయ్యితో పోయే జబ్బేనా అండీ?" అని అడిగింది.

ఇన్నేళ్ళ వైద్యంలో నన్ను అంత సూటిగా ప్రశ్నించినవారు లేరు. అన్నీ అడిగిన నేను ఆ పిల్లవాడిని ఏకాంతంగా కూర్చోబెట్టుకొని "నీ మనస్సు ఎలా ఉంది నాయనా?" అని అడగలేదు. ఆ ఉదయమే వారిని వెంటబెట్టుకొని మానసిక వైద్యుని వద్దకు వెళ్ళాను. కొన్ని నెలలు మాటలతోనూ, మందులతోనూ చికిత్స సాగింది. అబ్బాయి తప్పిన పరీక్షను తరువాత వ్రాశాడు. నేడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. నా నెయ్యి చేయలేని పనిని ఆ వృద్ధురాలు నూనె రాసిన పావుగంట చేసింది. ఆ పావుగంటలో మార్కుల ప్రసక్తి లేదు. అందుకే వాడి నోట మాట వచ్చింది.

శాస్త్రం ఏమి చెప్పింది?

శరీర రోగాలకు చికిత్స చెప్పిన చరకాచార్యులే మనోరోగాలకు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి అనే ఐదింటిని ఉపాయాలుగా చెప్పారు. అహితమైన విషయాలనుండి మనస్సును మరల్చడాన్ని సత్త్వావజయ చికిత్స అన్నారు. ధైర్యం అంగడిలో దొరికే వస్తువు కాదు. పక్కన కూర్చున్న మనిషినుండి రావాలి. పరీక్షలకు ముందు జ్ఞాపకశక్తి లేహ్యాలకోసం పరుగులు తీసే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి.

మరొక ముఖ్యవిషయం. బలవంతంగా ఆపకూడని పదమూడు వేగాలలో కన్నీరు కూడా ఒకటి. కన్నీటిని నిరోధిస్తే పీనస, నేత్రరోగం, హృద్రోగం, అరుచి, తలతిరుగుడు కలుగుతాయని శాస్త్రవచనం. "మగపిల్లవాడివి, ఏడుస్తావేమిటి?" అని గద్దించే తండ్రులు తమకు తెలియకుండానే వేగనిరోధం చేయిస్తున్నారు.

నలుగురిలో కూర్చోబెట్టండి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అప్పుడు నేను ఆ ప్రాంతానికి చేరువలోనే గురువుగారి ఇంట విద్యార్థిని. సర్వస్వం పోగొట్టుకొని, మాటా పలుకూ లేక కూర్చున్న మనుషులను చూసి గురువుగారు మొదట కషాయం కాచలేదు. ఆలయ మండపంలో అందరికీ కలిపి పొయ్యి పెట్టించారు. కూరలు తరగడం, నీళ్ళు మోయడం వారిచేతనే చేయించారు. ఏడ్చేవారిని ఏడవనిచ్చారు. "నలుగురితో కూర్చొని నాలుగు మెతుకులు తిన్ననాడు మందు పనిచేయడం మొదలుపెడుతుంది" అనేవారు.

నేటి పిల్లల ఒంటరితనానికి కూడా ఈ ఉపాయం వర్తిస్తుంది. మన ప్రాంతానికి కలిసి చదువుకునే సంప్రదాయం ఉన్నది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914 ఏప్రిల్‌లో ఈ బెజవాడలోనే పుట్టింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవమీద పుస్తకాలు పెట్టి పల్లెలకు పంపారు. నేటికీ మన ప్రభుత్వ గ్రంథాలయాలలో వేసవి విజ్ఞాన శిబిరాలు జరిపే ఆనవాయితీ ఉన్నది. కథలు చదవడం, బొమ్మలు వేయడం, ఆటలు అందులో ఉంటాయి. మీ పేటలోని శాఖా గ్రంథాలయంలో విచారించండి. చిన్నపిల్లలను చేర్పించండి. పెద్దపిల్లలను కథ చదివి వినిపించే పనిలో సహాయకులుగా పంపండి. తాను మరొకరికి ఉపయోగపడుతున్నానన్న భావం కుంగిన మనస్సుకు ఊతం.

గ్రంథాలయం దూరమైతే అపార్టుమెంటు సంఘంవారు, ఆలయ కమిటీవారు ఎండ తగ్గిన తరువాత, సాయంత్రం ఆరు గంటల వేళ, మేడమీదనో, పందిరి కిందనో పిల్లలను సమావేశపరచవచ్చు. మూడు నియమాలు పాటించండి. ర్యాంకులు, బహుమతులు వద్దు. ఎవరి మార్కులూ ఎవరూ అడగరాదు. ఒక సాయంత్రం మానసిక వైద్యుని ఆహ్వానించి, మొదట తల్లిదండ్రులతోనే మాట్లాడించండి. ఈత నేర్పేవారు, కనిపెట్టి ఉండేవారు లేకుండా మాత్రం పిల్లలను కృష్ణలోకి పంపకండి.

ఎప్పుడు ఆలస్యం చేయరాదు?

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి చెడి ఉండడం, స్నేహితులను, ఇష్టమైన ఆటలను విడిచిపెట్టడం, అకారణ కోపం, తనకిష్టమైన వస్తువులను ఇతరులకు పంచివేయడం, "నేను ఎవరికీ అక్కరలేదు" వంటి మాటలు – ఇవి కనిపిస్తే లేహ్యాలతో కాలయాపన చేయవద్దు. "చచ్చిపోవాలనిపిస్తున్నదా నాయనా?" అని శాంతంగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినందువల్ల పిల్లవాడికి బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పొలం మందులు, ఇంట్లోని మాత్రలు తాళం వేసి ఉంచండి. అదేరోజు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రాత్రింబవళ్ళు పలుకుతారు. తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లలకు ఏ ఆపద కలిగినా 1098 ఉన్నది. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉన్నది. మానసిక వైద్యుడు వ్రాసిన మందులను మా వంటివారి మాట విని ఆపవద్దు. ఆయుర్వేద ఔషధం వాడదలిస్తే ఆయనకు తెలియజేసి వాడండి.

ఇంట చేయదగినవి

1. ఉదయం పలుచని మజ్జిగ, మధ్యాహ్నం కీర, పొట్ల, సొర, బూడిదగుమ్మడి వంటి చలువ కూరలు పెట్టండి. పచ్చళ్ళు, కారం, పులుపు తగ్గించండి.

2. గ్రీష్మంలో పగటినిద్రను శాస్త్రం అనుమతించింది. భోజనానంతరం కొద్దిసేపు పడుకోనివ్వండి. రాత్రంతా ఫోను చూసి పగలంతా పడుకోవడానికి ఈ అనుమతి వర్తించదు.

3. నిద్ర పట్టనివారికి గేదెపాలు హితమని చరకసంహిత చెప్పింది. అరుగుదల బాగున్నవారికి రాత్రి ఒక గ్లాసు గోరువెచ్చగా ఇవ్వండి.

4. పడుకునేముందు అరికాళ్ళకు నువ్వులనూనె మర్దన చేయండి. పావుగంట చాలు. ఆ పావుగంట మీరు మాట్లాడవద్దు, వినండి.

పరీక్ష తప్పినవారికి ఆ వేసవిలోనే మళ్ళీ వ్రాసే అవకాశం ఉన్నది. ఆ సంగతి ఫలితాలు రాకముందే పిల్లలకు చెప్పి ఉంచండి. "ఏ ఫలితం వచ్చినా తిన్నగా ఇంటికి రా, కలిసి అన్నం తిందాం" అన్న మాట కూడా ముందే చెప్పండి. ఈ ఋతువులో మన ఇళ్ళలో ఉండవలసిన మొదటి ఔషధం అదే.