తాగుడు మానితే బరువు పెరుగుతుందా, తగ్గుతుందా?

రెండూ జరుగుతాయి. క్వార్టరు సీసా విస్కీలో సుమారు 400 క్యాలరీలుంటాయి, పోషకాలుండవు. అవి ఆగితే కొందరు తగ్గుతారు. తిండి మానేసి తాగినవారికి ఆకలి తిరిగి వచ్చి ఒళ్లు చేస్తుంది, ఇది మంచిదే. తీపి తినాలనిపిస్తే జామకాయ, వేరుశనగలు తినండి. మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లేవారు పొద్దున్నే పప్పన్నమో, గుడ్డో తిని వెళ్లండి.

కొద్ది రోజుల్లోనే బరువు పెరిగి, పొట్ట ఉబ్బి, కాళ్లు వాస్తే అది కండ కాదు, నీరు. వెంటనే కాలేయ పరీక్ష చేయించుకోండి.

రోజూ ఎక్కువగా తాగేవారు డాక్టరు సలహా లేకుండా ఒక్కసారిగా మానకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్ రావచ్చు.

వారానికోసారి బరువు చూసుకోండి. కాటా ముల్లు ఎటు కదిలినా మళ్లీ సీసా ముట్టకండి. దేవుడిచ్చిన దేహం కోలుకోవడానికి కొంత సమయం ఇవ్వండి.