వియత్నాంకు సభ్యత్వం ఏమిచ్చింది?

2007 జనవరి 11న వియత్నాం ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో 150వ సభ్యదేశమైంది. దరఖాస్తు పెట్టుకున్నది 1995లో. అంటే పన్నెండేళ్లు బేరాలాడుతూనే గడిపింది. మన దేశానికి ఈ నిరీక్షణ అనుభవం లేదు. 1948లో సుంకాలు, వాణిజ్యంపై కుదిరిన గాట్ ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడే మనం వ్యవస్థాపక దేశాల్లో ఒకళ్లం. 1995లో దాని స్థానంలో డబ్ల్యూటీవో పుట్టినప్పుడు మొదటి రోజు నుంచే అందులో ఉన్నాం. తర్వాత వచ్చేవాళ్ల సంగతి వేరు. ఈ సంస్థలో చేరడానికి ఇంత అని నిర్ణీత రుసుమేమీ లేదు. ఇప్పటికే సభ్యులుగా ఉన్న ఏ దేశమైనా ముందుకొచ్చి, ‘మా సరుకు మీద సుంకం తగ్గించు, మా బ్యాంకుకు అనుమతినివ్వు, ఫలానా చట్టం మార్చు’ అని అడగవచ్చు. అందరినీ తృప్తిపరిచేదాకా తలుపు తెరుచుకోదు.

ఈ పరీక్ష కమ్యూనిస్టు ప్రణాళికా వ్యవస్థ నుంచి మార్కెట్‌కు మారుతున్న దేశాలకు మరీ కఠినం. ఏ వస్తువు ఎంత తయారు కావాలో, ఎంతకు అమ్మాలో ప్రభుత్వ కార్యాలయం నిర్ణయించిన చోట సుంకం అన్న మాటకే పెద్ద అర్థం ఉండేది కాదు. ఎగుమతి, దిగుమతి రెండూ సర్కారు సంస్థల చేతిలోనే ఉండేవి. అలాంటి దేశాలు ఒక్కొక్కటే వరసకట్టాయి. 1998లో కిర్గిజ్‌స్తాన్, 2000లో జార్జియా, 2001లో చైనా, 2008లో ఉక్రెయిన్, 2012లో రష్యా, 2015లో కజకిస్తాన్ చేరాయి. చేరడం వల్ల ఇవి బాగుపడ్డాయా, నష్టపోయాయా అన్న ప్రశ్నకు అన్ని దేశాల సగటు తీసి జవాబు చెప్పేవాళ్లున్నారు. నాకు మాత్రం ఒక్క దేశాన్ని దగ్గరగా చూడటమే మేలనిపిస్తుంది. వియత్నాం అందుకు తగిన దేశం. పైగా రొయ్యల వ్యాపారంలో అది మన కోస్తా జిల్లాలకు నేరుగా పోటీదారు.

1986లో వియత్నాంలో ధరల పెరుగుదల 700 శాతం దాటింది. ఆ ఏడాది డిసెంబరులో కమ్యూనిస్టు పార్టీ ఆరో మహాసభ ‘దోయి మోయి’ పేరుతో సంస్కరణలు ప్రకటించింది. రెండేళ్ల తర్వాత, 1988లో, పదో నంబరు తీర్మానంతో సహకార క్షేత్రాల పొలాలను రైతు కుటుంబాలకు సాగుకు అప్పగించారు. పండించింది అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చారు. అంతకుముందు బియ్యం దిగుమతి చేసుకుంటున్న దేశం 1989లో సుమారు 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. ఇది జరగడానికి బయటి దేశమేదీ సుంకం తగ్గించలేదు. డబ్ల్యూటీవో కేంద్రమైన జెనీవాలో ఎవరూ సంతకం పెట్టలేదు. అదే నేల, అదే వర్షం, అదే రైతు. పంట ఎవరిదన్న విషయం ఒక్కటే మారింది.

పేదరికం లెక్కలూ ఈ మాటే చెబుతాయి. 1993లో వియత్నాం జనాభాలో 58 శాతం మంది పేదలు. 2006 నాటికి, అంటే సభ్యత్వం రాకముందే, అది 16 శాతానికి దిగింది. వియత్నాం విజయాన్ని మొత్తంగా డబ్ల్యూటీవో ఖాతాలో వేసేవాళ్లు ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

అయితే బయటి మార్కెట్ పాత్ర చిన్నదని అనడానికి లేదు. 2001 డిసెంబరులో అమెరికాతో ద్వైపాక్షిక వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. వియత్నాం సరుకుల మీద అమెరికా వేసే సుంకం సగటున 23.4 శాతం నుంచి 2.4 శాతానికి ఒక్కసారిగా పడిపోయింది. ఆ ఏడాది అమెరికాకు వెళ్లిన సరుకు విలువ నూరు కోట్ల డాలర్లకు కాస్త ఎక్కువ. అయిదేళ్లలో అది 800 కోట్లు దాటింది. ఎక్కువగా వెళ్లినవి దుస్తులు, చెప్పులు, ఫర్నిచర్, రొయ్యలు. బ్రయన్ మెక్‌కేగ్, నీనా పావ్‌చ్నిక్ అనే ఆర్థికవేత్తలు ఈ మార్పును కార్మికుల వైపు నుంచి పరిశీలించారు. ఇంటి వ్యాపారాల్లో చాలీచాలని ఆదాయంతో నెట్టుకొస్తున్నవాళ్లు రిజిస్టరైన సంస్థల్లోకి మారారని, సుంకం ఎక్కువగా తగ్గిన పరిశ్రమల్లో ఈ మార్పు ఎక్కువగా ఉందని వాళ్లు తేల్చారు. అంతకు కాస్త ముందే, 2000లో, కొత్త కంపెనీల చట్టం అమల్లోకి వచ్చింది. చాలా వ్యాపారాలకు లైసెన్సుల బెడద తీరింది. అమెరికాలో గిరాకీ పుట్టిన వేళకు వియత్నాంలో కంపెనీ పెట్టేందుకు దారి సుగమమై ఉంది. ఈ రెంటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఫలితం ఇలా ఉండేది కాదు.

ఇక సభ్యత్వానికి చెల్లించిన వెల. సగటు సుంకాన్ని 17.4 శాతం నుంచి దశలవారీగా 13.4కు దించుతానని వియత్నాం ఒప్పుకుంది. ఎగుమతి రాయితీలు వదులుకుంది. బ్యాంకింగ్, టెలికాం, చిల్లర వర్తకంలో విదేశీయులకు చోటిచ్చింది. పదుల సంఖ్యలో చట్టాలు తిరగరాసింది. వీటన్నిటికంటే చేదైన షరతు మరొకటుంది. 2018 చివరిదాకా తనను ‘మార్కెటేతర ఆర్థిక వ్యవస్థ’గా పరిగణించవచ్చని అంగీకరించింది.

వినడానికి సాంకేతికంగా ఉన్నా దీని దెబ్బ రొయ్యల చెరువు గట్టు దాకా తగులుతుంది. స్వదేశంలో అమ్మే ధర కంటే తక్కువకు పరదేశంలో అమ్మితే డంపింగ్ అంటారు. దానిపై దిగుమతిదారు దేశం అదనపు సుంకం వేయవచ్చు. 2005లో అమెరికా ఆరు దేశాల రొయ్యలపై ఈ సుంకం వేసింది. వాటిలో మన దేశం ఉంది, వియత్నాం ఉంది. మన రొయ్యకు లెక్క కట్టినప్పుడు మన కంపెనీల ధరలు, ఖర్చులే చూశారు. వియత్నాం ధరలు మార్కెట్ ధరలు కావంటూ వాటిని పక్కనపెట్టి, బంగ్లాదేశ్ ఖర్చులు తెచ్చి లెక్క కట్టారు. వియత్నాంలోని మేకాంగ్ డెల్టా రైతు మేతకు, రొయ్యపిల్లకు, కరెంటుకు ఎంత పెట్టాడన్నది ఆ లెక్కలోకే రాలేదు. నా దృష్టిలో ఇది అన్యాయం. కొత్తగా చేరినవాడి మీద పాతవాళ్లు మోపిన భారం.

కానీ సభ్యత్వం లేకపోతే ఆ అన్యాయం మీద ఫిర్యాదు చేసే చోటు కూడా ఉండేది కాదు. 2010లో వియత్నాం తన మొట్టమొదటి వివాదాన్ని డబ్ల్యూటీవో ముందు పెట్టింది. అది రొయ్యల మీదే. ఎక్కువ ధరకు అమ్మిన సరుకులను సున్నాగా తీసుకుని, తక్కువ ధరకు పోయినవాటినే లెక్కించే అమెరికా పద్ధతి చెల్లదని 2011లో తీర్పు వచ్చింది. ఆ వివాదం చివరికి తేలడానికి 2016 దాకా పట్టింది. న్యాయం నెమ్మదిగానే వచ్చింది. అయినా అంత చిన్న దేశం అంత పెద్ద దేశాన్ని వాదనతో ఒప్పించగలిగిన వేదికలు ప్రపంచంలో చాలా కొద్ది.

చేరిన వెంటనే జరిగింది మాత్రం ఎవరూ ఊహించనిది. వియత్నాం ఇక సభ్యదేశం అనగానే విదేశీ డబ్బు వెల్లువెత్తింది. హోచిమిన్ నగరంలో షేర్ల సూచీ 2007 మార్చిలో 1,170 స్థాయికి ఎగబాకింది. డాలర్లు వచ్చిపడుతుంటే దేశ కరెన్సీ డాంగ్ విలువ పెరగాలి. పెరిగితే ఎగుమతులకు దెబ్బ. అందుకని కేంద్ర బ్యాంకు డాలర్లు కొని, బదులుగా డాంగ్‌లు మార్కెట్‌లోకి వదిలింది. ఆ డబ్బు బ్యాంకులకు చేరింది. 2007 ఒక్క ఏడాదిలోనే అప్పులు 50 శాతానికి పైగా పెరిగాయి. 2008లో ధరల పెరుగుదల సగటున 23 శాతమైంది. ఫ్యాక్టరీ కార్మికుల జీతాలు బియ్యం ధరను అందుకోలేకపోయాయి. సమ్మెలు ముమ్మరమయ్యాయి. ఎగుమతుల కంటే దిగుమతులు సుమారు 1,800 కోట్ల డాలర్లు ఎక్కువయ్యాయి. షేర్ల సూచీ 2009 ఫిబ్రవరికి 235కు కూలింది.

ఆ అప్పులు ఎక్కడికి పోయాయన్నదే అసలు ప్రశ్న. చాలా భాగం ప్రభుత్వ సంస్థలకు పోయాయి. విదేశీ పోటీ వస్తోంది కాబట్టి మనకూ దక్షిణ కొరియా తరహా భారీ సంస్థలుండాలని ప్రభుత్వం తలచింది. నౌకానిర్మాణ సంస్థ వినాషిన్ ఆ ఆలోచనకు ముద్దుబిడ్డ. 2005లో వియత్నాం తొలిసారి అంతర్జాతీయ మార్కెట్‌లో బాండ్లు అమ్మి 75 కోట్ల డాలర్లు తెచ్చి మొత్తం ఈ సంస్థ చేతిలోనే పెట్టింది. వినాషిన్ ఓడలతో ఆగకుండా, వాటితో సంబంధం లేని వ్యాపారాల్లోకీ చొరబడి వందలాది అనుబంధ కంపెనీలు పుట్టించింది. 2008 ప్రపంచ సంక్షోభంలో ఓడల ఆర్డర్లు రద్దయ్యాయి. 2010 నాటికి అప్పులు 400 కోట్ల డాలర్లు మించాయి. ఆ ఏడాది చివర విదేశీ అప్పు కిస్తీ కట్టలేక చేతులెత్తేసింది. సంస్థ అధిపతికి 2012లో ఇరవై ఏళ్ల జైలుశిక్ష పడింది.

ఈ నష్టాన్ని డబ్ల్యూటీవో తెచ్చిందనడం పొరపాటు. అలాగని దానికి సంబంధమే లేదనడమూ సరికాదు. పొలాన్ని కుటుంబానికి అప్పగించిన ప్రభుత్వం, అదే ధైర్యంతో సర్కారు సంస్థల ఖాతాలను అదుపులో పెట్టలేదు. గేటు ఎత్తినప్పుడు కాల్వకు గండి ఉన్నచోటే నీరు పోతుంది.

ఆ తర్వాత వియత్నాం మళ్లీ లేచింది. శాంసంగ్ 2009లో హనోయి దగ్గరి బాక్ నిన్‌లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. 2006లో దాదాపు 4,000 కోట్ల డాలర్లున్న దేశ ఎగుమతులు 2022లో 37,000 కోట్లు దాటాయి. పల్లెల నుంచి వచ్చిన లక్షల మంది యువతులకు నెలజీతం అన్నది మొదటిసారి చేతికందింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ ఆ ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ సంస్థలవే. ఒక దశలో శాంసంగ్ ఒక్కటే దాదాపు ఐదో వంతు. విడిభాగాలు కొరియా, చైనాల నుంచి వస్తాయి, బిగింపు ఇక్కడ జరుగుతుంది. ఊళ్లోని చిన్న కంపెనీ ఆ గొలుసులో కొండీ కావడం ఇప్పటికీ అరుదు.

దీన్ని కిర్గిజ్‌స్తాన్‌తో పోల్చి చూడాలి. మాజీ సోవియట్ దేశాల్లో మొట్టమొదట చేరింది అదే. 1996లో దరఖాస్తు పెట్టి 1998 డిసెంబరులో లోపలికి వచ్చింది. సుంకాలు బాగా తగ్గించింది. కానీ సముద్రం లేని దేశం, సోవియట్ ఫ్యాక్టరీలు అప్పటికే మూతపడ్డాయి, చుట్టూ ఉన్న పెద్ద మార్కెట్లు డబ్ల్యూటీవో బయటే ఉన్నాయి. దాంతో ఎదిగింది పరిశ్రమ కాదు, సంత. రాజధాని బిష్కెక్ శివార్లలో ఓడల కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన దోర్దోయి బజారులో, కొండ కనుమల మీదుగా వచ్చిన చైనా సరుకు దిగేది. తక్కువ సుంకంతో వచ్చిన ఆ సరుకును కజకిస్తాన్, రష్యా వ్యాపారులు కొనుక్కుపోయేవారు. దాని పక్కనే చైనా బట్టతో కుట్టు కేంద్రాలు కూడా లేచాయి. 2010లో రష్యా, కజకిస్తాన్, బెలారస్ కలిసి సుంకాల కూటమి కట్టి సరిహద్దు బిగించడంతో ఆ బతుకుతెరువు కుంగిపోయింది. 2015లో కిర్గిజ్‌స్తాన్ ఆ కూటమిలోనే చేరి, తాను ఎప్పుడో తగ్గించిన సుంకాలను మళ్లీ పెంచాల్సి వచ్చింది. ఈలోగా లక్షల మంది రష్యాకు కూలికి వలసపోయారు. సభ్యత్వం అదే, నియమాల పుస్తకం అదే. పక్కింటివాళ్లు, లోపలి పునాది వేరు.

వియత్నాంకు కూడా ఇప్పుడు అలాంటి పరీక్షే ఎదురైంది. 2018 గడువు దాటినా అమెరికా దానిని మార్కెట్ దేశంగా గుర్తించలేదు. 2024 ఆగస్టులో మరోసారి నిరాకరించింది. 2025 ఏప్రిల్‌లో వియత్నాం సరుకులపై 46 శాతం సుంకం ప్రకటించి, బేరాల తర్వాత 20కి తగ్గించింది. అదే ఏడాది ఆగస్టులో మన సరుకుల మీద 50 శాతం పడినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆక్వా రైతు రొయ్యల ధర పడిపోవడం కళ్లారా చూశాడు. నియమాలు రాసుకున్న దేశాలే వాటిని పక్కకు నెడుతున్న కాలమిది.

అందుకే కొత్త వాణిజ్య ఒప్పందం కుదిరిందన్న వార్త వచ్చినప్పుడు ఎన్ని శాతం సుంకం తగ్గిందన్న దగ్గరే ఆగిపోవద్దు. చెరువు దగ్గర నాణ్యమైన రొయ్యపిల్ల దొరుకుతోందా, యాంటీబయాటిక్ అవశేషాలు పరీక్షించే ల్యాబు అందుబాటులో ఉందా, కౌలు రైతుకు బ్యాంకు అప్పు పుడుతోందా, అమెరికా కాకపోతే కొనే మరో మార్కెట్ ఉందా అని మన ఎమ్మెల్యేలను, మన మంత్రులను అడగండి. వియత్నాం రైతు జీవితాన్ని మార్చిన నిర్ణయం జెనీవాలో జరగలేదు, 1988లో హనోయిలో జరిగింది.