పరిశోధన నేర్చుకునే మన పిల్లలు



1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నారు. ఆ దోమల చేత కుట్టించుకోవడానికి ఒప్పుకున్నది హుస్సేన్ ఖాన్ అనే రోగి. పరిశోధనకు డాక్టరు ఎంత అవసరమో రోగీ అంతే అవసరం.

సూరారం, మేడ్చల్ వైద్య కళాశాలల్లో చదివే పిల్లలకు ఒక మంచి అవకాశం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి 1979లో ప్రారంభించిన 'షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్' పథకం కింద ఎం.బి.బి.ఎస్., బి.డి.ఎస్. విద్యార్థులు తమ అధ్యాపకుని వద్ద రెండు నెలలు చిన్న పరిశోధన చేస్తారు. నివేదిక ఆమోదం పొందితే స్టైపెండు, సర్టిఫికెట్ ఇస్తారు. తల్లిదండ్రులారా, ఈ ఏటి ప్రకటన గురించి కళాశాలలో ముందుగానే కనుక్కోమని మీ పిల్లలకు చెప్పండి. ఎథిక్స్ కమిటీ అనుమతికి సమయం పడుతుంది.

రోగులకు మా మనవి: విద్యార్థి ప్రశ్నల కాగితంతో మీ మంచం దగ్గరకు వస్తే భయపడకండి. ఎందుకో అడగండి, చదివి వినిపించమనండి. అర్థమైతేనే సంతకం చేయండి. వద్దన్నా మీ వైద్యం ఆగకూడదు. ఒప్పుకున్నాక మధ్యలో మానుకునే హక్కూ మీకుంది.

మీరు చెప్పే నిజమైన జవాబు రేపు మరొకరికి మేలు చేయవచ్చు. ఈ బిడ్డల కొరకు ప్రార్థించండి.