పొగగొట్టములోని పరీక్షకుడు

ఒకప్పుడు విశాఖపట్టణం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరం చెరకు పండు ప్రాంతము. అక్కడ బెల్లము వండువారు పొయ్యిలోనికి చెరకు పిప్పి త్రోయుచు పొగను గమనించుచుందురు. పొగ నల్లబడినచో గాలి చాలలేదని గ్రహింతురు. మోటారు వాహనములో ఇట్టి పని చేయునది ఆమ్లజని, అనగా ఆక్సిజన్, సెన్సారు.

ఒక కిలో పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి తగ్గినచో విషవాయువైన కార్బన్ మోనాక్సైడు పెరుగును. పొగగొట్టమునకు బిగించిన సెన్సారులో జిర్కోనియా అను పింగాణి వంటి పదార్థము కలదు. దాని కొకవైపు వేడి పొగ, రెండవవైపు బయటి గాలి తగులుచుండును. ఆ రెంటిలోని ఆమ్లజనికి గల తేడాను బట్టి స్వల్పమైన విద్యుత్పీడనము పుట్టును. పెట్రోలు హెచ్చినచో అది సుమారు 0.9 వోల్టు, గాలి హెచ్చినచో సుమారు 0.1 వోల్టు. ఇంజను కంప్యూటరు దీనిని చూచి పెట్రోలును సవరించుచుండును.

బాష్ సంస్థవారి ఇట్టి సెన్సారు 1976లో వోల్వో కార్లలో మొదట ప్రవేశించినది. మన దేశమున 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నియమములు వచ్చిన పిదప ద్విచక్రవాహనములలో కూడ ఇది సామాన్యమైనది.

జిర్కోనియా సుమారు 300 డిగ్రీల సెంటీగ్రేడు దాటినగాని చక్కగా పనిచేయదు. ఇంజను మొదలుపెట్టిన వెంటనే దానిని వేడిచేయుటకు లోపల చిన్న హీటరు అమర్తురు. కావున మామూలు కారు సెన్సారునకు నాలుగు తీగలుండును: రెండు హీటరునకు, ఒకటి సంకేతమునకు, ఒకటి ఎర్త్‌నకు.

ఇప్పుడు కారులో ఇంజను హెచ్చరిక దీపము వెలిగినదనుకొందము. పరికరముతో చూడగా పి 0135 అను సంకేతము కనిపించినది. "హీటరు వలయములో లోపము" అని దీని అర్థము. "సెన్సారు చెడినది" అని కాదు. వలయమనగా బాటరీ, ఫ్యూజు, తీగలు, కనెక్టరు, హీటరు, కంప్యూటరు అన్నియు కలిసినది. ఈ భేదము తెలియక కొత్త సెన్సారు కొని బిగించినను దీపము మరల వెలుగుట కలదు. డబ్బు దండుగ.

మొదట ఫ్యూజును చూడవలెను. తరువాత ఇంజను చల్లారనిచ్చి తీగలను పరీక్షింపవలెను. ఎలుకలు కొరికినవేమో, వేడి గొట్టమునకు తగిలి పైతొడుగు కరిగినదేమో, వాననీరు చేరి కనెక్టరులో చిలుము పట్టినదేమో చూడవలెను. పిదప కనెక్టరును విడదీసి, సెన్సారు వైపు హీటరు తీగల నడుమ మల్టీమీటరుతో నిరోధమును కొలువవలెను. సాధారణముగా అది కొద్ది ఓములు మొదలు 15 ఓముల వరకు ఉండును. సరియైన విలువ తయారీదారుల పుస్తకములో దొరకును. అనంతమని చూపినచో హీటరు తెగినట్లే. సెన్సారు మార్చక తప్పదు.

నిరోధము సరిగా ఉన్నచో లోపము బండి వైపున వెదకవలెను. ఇక్కడ మీటరు మోసగింపగలదు. తీగలో ఒక్క పోగు మిగిలినను అది 12 వోల్టులు చూపును. మూసిన కుళాయి వెనుక గొట్టము పూడియున్నను ఒత్తిడి తెలియును. కుళాయి త్రిప్పినప్పుడు గదా ధార సంగతి బయటపడును! కావున ఇండికేటరునకు వాడు 12 వోల్టుల బల్బును ఇంజను నడచుచుండగా హీటరుకు కరెంటు తెచ్చు తీగకును ఇంజను లోహమునకును నడుమ కలుపవలెను. మసకగా వెలిగినచో ఆ తీగ లోపల తెగియున్నది. చక్కగా వెలిగినచో రెండు హీటరు తీగల నడుమ కలిపి చూడవలెను. అప్పుడు వెలుగకున్న లోపము తిరుగు తీగలోనో కంప్యూటరులోనో ఉన్నది. సంకేతపు తీగకు మాత్రము బల్బును ఎన్నడును తగిలింపరాదు.

బండి వైపు తీగను అతికింపవచ్చును. సెన్సారు తీగను టంకము పెట్టి అతుకరాదు. చాల సెన్సారులకు బయటి గాలి ఆ తీగల సందుననే లోపలికి చేరును. మూసిన షెడ్డులో ఇంజను నడపి పరీక్షించుట ప్రాణాపాయము.

దీపమును లెక్కచేయక బండి నడిపినచో, సెన్సారు మాట తెలియని కంప్యూటరు అవసరమునకు మించి పెట్రోలు పంపవచ్చును. అది మిగిలిపోయి పొగను శుద్ధిచేయు ఖరీదైన కాటలిటిక్ కన్వర్టరును వేడెక్కించి చెరచును. ఆ విషవాయువు చివరకు వీధిలోని పిల్లల ఊపిరితిత్తులలో చేరును. ఒక తీగకు పట్టిన చిలుమును సకాలమున తుడిచినచో ఇదంతయు తప్పిపోవచ్చును.