జిల్లా పరిషత్తు ఎన్నికలు – బాటలను గూర్చిన వాగ్దానములు

మండల, జిల్లా పరిషత్తుల ఎన్నికలు వచ్చినపుడెల్ల అభ్యర్థులందఱును బాటలను గూర్చియే మొదట మాటాడుదురు. ఇది సహజము. పంట కళ్లము విడిచిన పిమ్మట దాని ధర బాట చేతిలో నుండును. ఎండిన ధాన్యము రెండు దినములు ఆలస్యమైనను చెడదు. టమాటా, వంగ, పాలు మొదలగువానికి ఒక్క పూట ఆలస్యమే చాలును. నఱికిన చెఱకు నిలువ యున్నకొలది తూకమును, తీపియు తగ్గును. కావున అభ్యర్థి మాట వినవలసినదే. కాని ఆ మాట చెల్లించు అధికారము అతడు కోరు పదవికి కలదా యని సభ్యులు విచారింపవలెను.

ముందుగా ఏ బాట ఎవరిదో తెలిసికొనవలయును. ఊరి వీధులు పంచాయతీవి. గ్రామమునుండి గ్రామమునకు బోవు బాటలలో పెక్కు పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవారివి. జిల్లా ముఖ్య రహదారులును, రాష్ట్ర రహదారులును రోడ్లు భవనముల శాఖ క్రింద నున్నవి. ఇక జాతీయ రహదారిని గూర్చి మండల సభ్యుడు చేయు వాగ్దానము విని ఊరకుండుట మేలు.

1920 సం॥ చట్టము క్రింద చెన్నపురి రాజధానిలో జిల్లా బోర్డులకు బాటలే ముఖ్యమైన పని. 1959లో ఆంధ్రప్రదేశమున జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. 1993 ఏప్రిల్ 24 నుండి అమలైన 73వ రాజ్యాంగ సవరణవలన 29 విషయములు స్థానిక సంస్థలకు ఉద్దేశింపబడినవి. రోడ్లు, తూములు, వంతెనలు, రేవులు అందులో 13వది. అయితే పట్టికలో వ్రాసినంతమాత్రమున పెట్టెలోనికి ధనము రాదు.

ధనము విషయమే అభ్యర్థులు దాటవేయుదురు. పదునైదవ ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వఱకు స్థానిక సంస్థల కిచ్చిన గ్రాంటులో నూటికి 60 వంతులు త్రాగునీటికిని, పారిశుద్ధ్యమునకును కట్టుబడియుండెను. తక్కిన 40 వంతులలోనే బాటలు, దీపములు మొదలగు పనులన్నియు. క్రొత్త తారుబాటలు విశేషముగా వచ్చినది 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనవలన. మైదానమున 500, కొండ ప్రాంతములందు 250 జనులు గల నివాసములకు బాట వేయుట దాని మొదటి నియమము. 2015-16 నుండి సామాన్య రాష్ట్రములలో కేంద్రము 60, రాష్ట్రము 40 వంతులు భరించుచున్నవి. కనుక "బాట తెచ్చెదను" అనువానిని "ఏ పద్దు క్రింద?" అని అడుగుడు. ఆ ప్రశ్న కోపముతో నడుగనక్కఱలేదు.

బస్సును గూర్చియు నంతే. బస్సును నడుపునది ఆర్టీసీ, పరిషత్తు కాదు. సభ్యుడు తీర్మానము చేయించి డిపోకు పంపగలడు. అంతకుమించి చెప్పిన నమ్మరాదు.

ఇన్నిటిలోను పరిషత్తు సభ్యుడు నిజముగా చేయగలిగినది మరమ్మతులు జరిపించుట. జిల్లా పరిషత్తునకు పనుల స్థాయీ సంఘము కలదు. అందు పట్టుబట్టి కూర్చుండువాడు మనకు కావలెను. గ్రామ సడక్ బాటను వేసిన కంట్రాక్టరే అయిదేండ్లు సంరక్షింపవలెనను నిబంధన కలదు. ఆ గడువు తేదీ మీ అభ్యర్థికి తెలియునా? తెలియనిచో బాట ప్రక్కనున్న బోర్డును చూపుడు.

బాటకు శత్రువు బండి కాదు, నీరు. నడుమ ఎత్తుగాను, ఇరుప్రక్కల వాలుగాను ఉండి, కాలువలు పూడక, తూములు మూయక యున్న కంకర బాటయైనను వానకాలము గడపగలదు. నీరు నిలిచిన తారుబాట ఒక్క యేటిలో గుంటలు పడును. పొలమునకు దారికై ప్రక్క కాలువను మట్టితో పూడ్చునది మనమే. అచ్చట ఒక సిమెంటు గొట్టము వేసిన చాలును.

మఱియొక మాట. దమ్ము చక్రములతో ట్రాక్టరును తారుబాటపై నడిపించుటవలన బాట అంచులు చీలిపోవుచున్నవి. ఓట్లు పోవునని కాబోలు, ఏ అభ్యర్థియు దీనిని కరపత్రమున వేయడు. ఆ చక్రములను ట్రక్కులో వేసికొని పోయి, చేని గట్టుననే తగిలించుకొనవచ్చును. దానికి పట్టునది కొంచెము సేపే.