మీకు తెలుసా? గీతలు పెట్టేదీ, మెరుగు పెట్టేదీ ఒకే ఎర్ర దుమ్ము

బళ్లారి, సండూరు, తోరణగల్లు. సరిహద్దుకు ఇవతల అనంతపురం జిల్లా ఓబుళాపురం. గనుల దారుల్లో తిరిగే కార్ల మీద పేరుకునే ఎర్ర దుమ్ములో హెమటైట్ అనే ఇనుప ఖనిజపు పొడి ఉంటుంది. మోస్ కొలమానంలో దాని గట్టిదనం సుమారు 5.5 నుంచి 6.5. పెయింటు మీద ఉండే క్లియర్ కోట్ దీనికంటే చాలా మెత్తన. దుమ్ము మీద పొడిగుడ్డతో తుడిచిన కారుకు, ఎండలో చూస్తే, సాలెగూడు లాంటి సన్నని గీతలు కనిపించేది అందుకే.

● అదే ఐరన్ ఆక్సైడ్‌ను అతి సన్నగా పొడి చేస్తే ‘రూజ్’ అవుతుంది. బంగారు, వెండి నగలకు మెరుగు పెట్టేది దానితోనే. టెలిస్కోపు అద్దాలను నునుపు చేయడానికీ దాన్నే వాడారు. గీత పడుతుందా, మెరుపు వస్తుందా అన్నది రేణువు సైజును బట్టి ఉంటుంది.

● పాలిష్ గీతను పూడ్చదు. గీత చుట్టూ ఉన్న పొరను గీత లోతు దాకా అరగదీస్తుంది. చాలా కార్లకు క్లియర్ కోట్ మందం 40–50 మైక్రాన్లే. తల వెంట్రుక కంటే పలచన. అరిగిన పొర మళ్లీ రాదు. అందుకే పాలిష్ చేసే మెషిన్ ఎంపికలో తొందర పనికిరాదు.

● రోటరీ మెషిన్‌లో ప్యాడ్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. లోతు గీతలను త్వరగా తీస్తుంది, కానీ వేడి ఒకేచోట పోగవుతుంది. బానెట్ అంచుల దగ్గర చేయి ఒక్క క్షణం ఆగితే పెయింటు కాలిపోవచ్చు. అది అలవాటైన చేతులకే తగును.

● డ్యూయల్ యాక్షన్ మెషిన్‌లో ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న వలయంలోనూ కదులుతుంది. మామూలు రకంలో ఎక్కువ నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది. ఈ గుణమే పెయింటును కాపాడుతుంది. ఇంట్లో సొంతంగా చేసుకునేవారు కొనవలసింది ఇదే.

● డ్యూయల్ యాక్షన్‌లో 8, 15, 21 మిల్లీమీటర్ల వలయాల రకాలున్నాయి. బానెట్, రూఫ్ వంటి వెడల్పు భాగాలకు 21 బాగుంటుంది. బంపర్ వంపులకు చిన్నవి నయం. ఒక్కటే కొనాలంటే, 5 అంగుళాల ప్యాడ్ పట్టే 15 తీసుకోండి. స్పీడు తగ్గించే, పెంచే మీట ఉందో లేదో చూడండి.

● ఇనుము కోసే గ్రైండర్‌కు స్పాంజి తగిలించి వాడకండి. అది సాధారణంగా నిమిషానికి 10,000 చుట్లు దాటుతుంది. రోటరీ పాలిషర్ పని మాత్రం 3,000 లోపే అయిపోతుంది.

● ఏ మెషిన్ కొన్నా, దుమ్ము పోకుండా ఆన్ చేయకండి. ముందు ధారాళంగా నీళ్లు కొట్టి, షాంపూతో కడిగి, పట్టుకుపోయిన రేణువులను క్లే బార్ అనే మెత్తని ముద్దతో తీయండి. తర్వాత మెత్తని ప్యాడ్, సన్న పాలిష్‌తో జానెడు చోట పట్టి చూడండి. అక్కడ గీతలు పోతే, అంతకన్నా గరుకు కాంపౌండ్ మీ కారుకు అక్కర్లేదు.